తల తిరిగితే వయసు మీద నెట్టకండి

(మన సంఘం వార్షిక సర్వసభ్య సమావేశంలో, తిరుపతిలో చేసిన ప్రసంగ పాఠం)



ఆరోగ్యం మీద పావుగంట మాట్లాడమని కార్యదర్శిగారు నన్ను ఆదేశించారు. షుగరు, బి.పి., మోకాళ్ళ నొప్పుల మీద మీరందరూ ఇప్పటికే సగం డాక్టర్లు. కాబట్టి వాటి జోలికి పోను. మనం ఏటా బతికే ఉన్నామని లైఫ్ సర్టిఫికెట్ ఇస్తున్నాం. పడిపోకుండా నిలబడగలుగుతున్నామా అని మాత్రం ఎవరూ అడగడం లేదు. ఈ రోజు నేను మాట్లాడదలచుకున్నది దాని గురించే. తల తిరగడం, దానికి చెవిలో చేసే పరీక్షలు.

ముందే ఒక మాట మనవి చేసుకుంటాను. నేను డాక్టరును కాను. 1978లో జిల్లాలోని ఒక ప్రభుత్వ ఆసుపత్రిలో చెవి, ముక్కు, గొంతు విభాగంలో టెక్నీషియనుగా చేరి, 2012లో రిటైరయ్యాను. వినికిడి పరీక్షలు, తల తిరుగుడు పరీక్షలు చేయడం నా పని. డాక్టరుగారు రోగిని పడుకోబెడితే నేను నీళ్ళు పట్టుకుని నిలబడేవాణ్ణి. కాబట్టి నేను చెప్పేది వైద్యం కాదు, ముప్పై నాలుగేళ్ళు పక్కన నిలబడి చూసింది మాత్రమే. అంత చూసి కూడా మా ఇంట్లో నేను చేసిన ఒక పొరపాటు ఉంది. అది కూడా దాచకుండా చెబుతాను.

ఏది తల తిరగడం?

మన తెలుగులో ఈ బాధకి ఎన్ని మాటలున్నాయో చూడండి. తల తిరుగుతోంది, కళ్ళు తిరుగుతున్నాయి, తల దిమ్ముగా ఉంది, మైకం కమ్మింది, తూలుతోంది, పైత్యం చేసింది. రోగి లోపలికి వచ్చి "పైత్యమండీ" అంటాడు. మా డాక్టరుగారు పెన్ను కింద పెట్టి, "పైత్యం అనే మాట వాడకుండా ఏమవుతోందో చెప్పు నాయనా" అనేవారు. రోగ నిర్ణయంలో సగం ఆ జవాబులోనే ఉండేది.

మొదటి రకంలో మీరు కదలకపోయినా ఇల్లు గిర్రున తిరుగుతుంది. ఇది ఎక్కువగా చెవికి సంబంధించింది. రెండో రకంలో ఏదీ తిరగదు, లేచి నిలబడగానే కళ్ళు చీకట్లు కమ్ముతాయి. ఇది ఎక్కువగా రక్తపోటుకి, గుండెకి సంబంధించింది. మూడో రకంలో కూర్చుంటే బాగానే ఉంటుంది, నడిస్తేనే తూలుతుంది. దీనికి కాళ్ళలో స్పర్శ తగ్గడం దగ్గర్నుంచి మెదడు దాకా చాలా కారణాలుంటాయి.

డాక్టరు దగ్గరికి వెళ్ళేముందు నాలుగు విషయాలు ఒక కాగితం మీద రాసుకోండి. తిరగడం ఎంతసేపు ఉంది, సెకన్లా, గంటలా, రోజులా? ఏం చేస్తుంటే వచ్చింది? చెవిలో హోరు గాని వినికిడి తగ్గడం గాని ఉందా? ఇప్పుడు వాడుతున్న మాత్రలేవి? ఈ కాగితం ముక్క చాలాసార్లు స్కానింగ్ కన్నా ఎక్కువ చెబుతుంది.

చెవిలోని తక్కెడ

చెవి వినడానికే అనుకుంటాం. లోపలి చెవిలో వినికిడికి నత్తగుల్లలాంటి భాగం ఒకటుంటే, దాని పక్కనే మనల్ని నిలబెట్టే భాగం ఇంకొకటి ఉంది. అందులో మూడు అర్ధవృత్తాకార నాళాలు, ఒకదానికొకటి అడ్డంగా, గది మూలలో రెండు గోడలూ నేలా కలిసినట్టు అమరి ఉంటాయి. వాటి నిండా ద్రవం. తల తిప్పితే ద్రవం వెనకబడుతుంది, అక్కడున్న సన్నని రోమాలు వంగుతాయి, ఆ కబురు మెదడుకి చేరుతుంది.

మన ఆడపిల్లలు ఒప్పులకుప్ప ఆడటం చూసే ఉంటారు. చేతులు పట్టుకుని గిరగిరా తిరిగి ఆగుతారు. పిల్లలు ఆగినా చెవిలో ద్రవం వెంటనే ఆగదు. ఇంకా తిరుగుతున్నామని చెవి చెబుతుంది, ఆగిపోయామని కాళ్ళు చెబుతాయి. ఆ తగాదా తేలేదాకా ప్రపంచం తిరుగుతుంది. కొండకి బస్సులో వెళ్ళేటప్పుడు ఘాట్ రోడ్డులో వాంతులయ్యేది కూడా ఇలాంటి తగాదావల్లే. చెవి మలుపుల్ని పసిగడుతుంది, కళ్ళు మాత్రం ముందు సీటునో చేతిలో ఫోనునో చూస్తూ ఏమీ కదలడం లేదంటాయి. డ్రైవరుకి వాంతులు కావు, ఎందుకంటే అతను వచ్చే మలుపుని ముందే చూస్తున్నాడు. కాబట్టి కొండెక్కేటప్పుడు ఫోను జేబులో పెట్టి దూరంగా రోడ్డు వైపు చూడండి.

మూడు నాళాలకి తోడు రెండు చిన్న సంచులున్నాయి. వాటిలో సున్నపురాయి జాతికి చెందిన కాల్షియం కార్బొనేట్ స్ఫటికాలు, కంటికి ఆనని ఇసుకరేణువుల్లాంటివి, జిగురు మీద అంటుకుని ఉంటాయి. ఏది పైన, ఏది కింద అనే సంగతి, బస్సు కదిలిందా ఆగిందా అనే సంగతి ఇవి చెబుతాయి. ఈ రేణువుల గురించి మళ్ళీ వస్తాను. మా ఇంటి కథంతా వాటిదే.

చెవికీ కంటికీ ఒక బంధం ఉంది. తల కుడికి తిరిగితే కళ్ళు అంతే వేగంతో ఎడమకి తిరుగుతాయి. అందుకే నడుస్తూ కూడా బోర్డు చదవగలుగుతున్నాం. చెవి లోపలికి చూడటం కుదరదు గాని, అది ఏం చెబుతోందో కళ్ళ కదలికలో కనిపిస్తుంది. తల తిరుగుడు పరీక్షలు చాలావరకు ఈ సూత్రం మీదే నడుస్తాయి. చెవి జబ్బుకి కళ్ళు చూస్తున్నారేమిటని రోగులు మమ్మల్ని అడిగేవారు. కారణం ఇదే.

నీళ్ళ పరీక్ష

నేను ఉద్యోగంలో చేరినప్పుడు మా గదిలో ఉన్నవి రెండు నీళ్ళ పాత్రలు, ఒక థర్మామీటరు, ఒక పెద్ద సిరంజి, ఒక స్టాప్‌వాచి, భూతద్దాలు బిగించిన కళ్ళజోడు ఒకటి. ఆ కళ్ళజోడు పెట్టుకుంటే రోగికి ఎదురుగా ఏదీ స్పష్టంగా కనిపించదు. చూపు నిలపడానికి ఆధారం దొరకదు. మనకి మాత్రం అతని కళ్ళు గుడ్లగూబ కళ్ళంత పెద్దవిగా కనిపిస్తాయి. పిల్లలు చూసి నవ్వేవారు.

రోగిని పడుకోబెట్టి, తల 30 డిగ్రీలు ఎత్తిపెట్టి, ఒక్కో చెవిలో ఒకసారి 30 డిగ్రీల నీళ్ళు, ఇంకోసారి 44 డిగ్రీల నీళ్ళు పడతాం. మన ఒంటి వేడి 37. దానికి ఏడు తక్కువ, ఏడు ఎక్కువ. నీళ్ళ చల్లదనానికో వేడికో లోపలి ద్రవం కదులుతుంది. తల కదలకుండానే తిరిగినట్టు మెదడుకి కబురు పోతుంది. కళ్ళు కొట్టుకోవడం మొదలుపెడతాయి. చల్లనీళ్ళకి అవతలి చెవి వైపు, వేడినీళ్ళకి అదే చెవి వైపు. ఎంత వేగంగా, ఎంతసేపు కొట్టుకున్నాయో రెండు చెవులకీ పోల్చి చూస్తే ఏ చెవి బలహీనంగా ఉందో తేలుతుంది. రెండు చెవుల్ని విడివిడిగా తూచడం ఈ పరీక్షలో ఉన్న గొప్పతనం.

దీన్ని కనిపెట్టిన రాబర్ట్ బరానీ వియన్నా నగరంలో చెవి డాక్టరు. చెవి కడుగుతుంటే తల తిరుగుతోందని రోగులు గొడవ పెట్టేవారు. నీళ్ళు చల్లగా ఉంటే కళ్ళు ఒక వైపు, వేడిగా ఉంటే రెండో వైపు కొట్టుకోవడం ఆయన గమనించాడు. రోగి ఫిర్యాదుని విసుక్కోకుండా విన్నందుకు ఆయనకి 1914 సంవత్సరపు నోబెల్ బహుమతి వచ్చింది. ఆ కబురు అందేనాటికి ఆయన మొదటి ప్రపంచ యుద్ధంలో రష్యావారి చేతిలో ఖైదీగా ఉన్నాడు. 1916లో విడుదలయ్యాకే బహుమతి అందుకున్నాడు. ఈ రోజు వాడుతున్న 30, 44 డిగ్రీల పద్ధతిని 1942లో ఫిట్జ్‌జెరాల్డ్, హాల్‌పైక్ స్థిరపరిచారు.

ఇప్పుడు చాలాచోట్ల సిరంజి పోయి యంత్రం వచ్చింది. కళ్ళకి కప్పే గాగుల్స్‌లో చిన్న కెమెరాలుంటాయి, చీకట్లో కూడా కంటి కదలికని రికార్డు చేస్తాయి. దీన్ని వి.ఎన్.జి. అంటారు. యంత్రం మారినా సూత్రం బరానీదే.

ఒక రోగి సంగతి చెబుతాను. ఆయన రిటైరైన ఉపాధ్యాయుడు. పగలు కర్రతో బాగానే నడుస్తాడు, కరెంటు పోతే మాత్రం కదలలేడు. నడుస్తుంటే ఎదుటి మనుషులు ఎగిరెగిరి కనిపిస్తున్నారన్నాడు. రెండు చెవుల్లోనూ చల్లనీళ్ళు పట్టాం, వేడినీళ్ళు పట్టాం, చివరికి ఐసు నీళ్ళు పట్టాం. కళ్ళు కదల్లేదు. డాక్టరుగారు అడిగిన మొదటి ప్రశ్న, "చిన్నప్పుడు క్షయకి సూదులు వేయించుకున్నారా?" వేయించుకున్నాడు, నెలల తరబడి, స్ట్రెప్టోమైసిన్.

మన పాత చిత్తూరు జిల్లా వాళ్ళకి క్షయ అంటే మదనపల్లె దగ్గరి ఆరోగ్యవరం గుర్తొస్తుంది. 1915లో ఆ శానిటోరియం తెరిచిననాటికి క్షయకి మందే లేదు, మంచి గాలి, మంచి తిండి, విశ్రాంతి మాత్రమే. 1943లో స్ట్రెప్టోమైసిన్ కనిపెట్టాక లక్షలమంది బతికారు. అయితే ఆ మందు కొందరిలో లోపలి చెవి రోమాల్ని దెబ్బతీసింది. మేష్టారు బతికింది దానివల్లే, తూలేదీ దానివల్లే. ఆయనకి మాత్రలతో నయం కాదని తేలింది. కంటిచూపుతో, పాదాల స్పర్శతో నిలదొక్కుకునే వ్యాయామాలు నేర్పించి, రాత్రిళ్ళు దీపం ఆర్పవద్దని చెప్పి పంపారు. "ఇన్నేళ్ళు నన్ను తాగుబోతు అనుకున్నారయ్యా" అని ఆయన కన్నీళ్ళు పెట్టుకున్నాడు. పరీక్ష చేసిన మేలు ఒక్కోసారి అంతే ఉంటుంది, నిజమేదో తేల్చడం.

మంచం మీద పరీక్ష

ఇప్పుడు మా అక్క సంగతి.

మా అక్కది చిత్తూరు పక్కన పల్లె. 2014లో ఒకనాడు ఫోను చేసింది. "నాయనా, పక్క మీద కుడివైపు తిరిగితే చాలురా, మిద్దె అంతా గిర్రున తిరగతా ఉంది. కాసేపటికి తగ్గిపోతా ఉంది" అంది. నేనేమన్నానో తెలుసా? "అరవై దాటినాయి కదక్కా, వయసు. బి.పి. చూపించుకో" అన్నాను. చూపించుకుంది. బి.పి. మామూలుగానే ఉంది. ఎవరో మెడ ఎక్స్‌రే తీయించారు. అరవై దాటిన మెడని ఎక్స్‌రే తీస్తే ఎముకల అరుగుదల ఎవరికైనా కనిపిస్తుంది. మెడకి పట్టీ వేశారు. తల తిరక్కుండా మాత్రలు రాశారు. ఆ మాత్రలు అయిపోయినప్పుడల్లా తిరుపతి నుంచి కొని పంపింది నేనే.

రెండేళ్ళలో మా అక్క ఒక్కొక్కటే మానేసింది. వాకిట్లో ముగ్గు వేయడం మానేసింది, వంగితే తిరుగుతుందని. అటక మీది ఊరగాయ జాడీ తీయడం మానేసింది, తల పైకెత్తితే తిరుగుతుందని. రెండు దిండ్లు ఎత్తు పెట్టుకుని ఎడమవైపే పడుకోవడం అలవాటు చేసుకుంది. సంక్రాంతికి వెళ్ళినప్పుడు వాకిట్లో కోడలి ముగ్గు చూశాను. అక్క ఎందుకు వేయలేదని అడగాలని కూడా నాకు తోచలేదు.

ఒకరోజు తెల్లవారుజామున మంచం దిగుతూ పడింది. మణికట్టు విరిగింది. మన ప్రాంతం కదా, పుత్తూరుకి తీసుకెళ్ళి కట్టు కట్టించాం. ఎముక చక్కగా అతుక్కుంది. చెయ్యి ఎలా ఉందని అందరం అడిగాం, ఎందుకు పడ్డావని ఒక్కరమూ అడగలేదు. ఎనిమిది నెలలకి, 2016 కార్తీకమాసంలో, దొడ్లో మళ్ళీ పడింది. ఈసారి తుంటి. ఆపరేషన్ అయింది. మూడు నెలలు మంచం.

లేచి తిరగడం మొదలుపెట్టాక, నాతో పనిచేసిన డాక్టరుగారి దగ్గరికి తీసుకెళ్ళాను. ఆయన ఆవిడ చెప్పింది రెండు నిమిషాలు విన్నారు. కాళ్ళు చాపి మంచం మీద కూర్చోబెట్టి, తల కుడివైపు 45 డిగ్రీలు తిప్పి, తుంటికి ఇబ్బంది లేకుండా మేమిద్దరం పట్టుకుని, తల మంచం అంచు దాటి కాస్త కిందికి వాలేలా వెనక్కి పడుకోబెట్టాం. రెండు మూడు సెకన్లు ఏమీ లేదు. తర్వాత మా అక్క కెవ్వుమని నా చెయ్యి పట్టుకుంది. కళ్ళు చక్రం తిరిగినట్టు మెలితిరుగుతూ పైకి కొట్టుకోవడం మొదలుపెట్టాయి. అర నిమిషంలో ఆగిపోయాయి.

అలాంటి కళ్ళు నా సర్వీసులో ఎన్ని వందలు చూసి ఉంటానో లెక్క లేదు. ఆ పరీక్షకి యంత్రం అక్కర్లేదు. మంచం ఉంటే చాలు. దాన్ని 1952లో లండన్‌లో మార్గరెట్ డిక్స్, హాల్‌పైక్ అనే డాక్టర్లు వివరంగా రాశారు, అందుకే డిక్స్-హాల్‌పైక్ పరీక్ష అంటారు. ఇందాక చెప్పిన స్ఫటికాల రేణువులు వాటి చోటు నుంచి ఊడి నాళంలోకి జారితే, పక్కకి తిరిగినప్పుడల్లా అవి దొర్లి ద్రవాన్ని కదిలిస్తాయి. తల తిరుగుతుంది. రేణువులు ఒకచోట స్థిరపడగానే ఆగుతుంది. దీని పేరు బి.పి.పి.వి. తల గిర్రున తిరిగే జబ్బుల్లో అన్నిటికన్నా ఎక్కువగా కనిపించేది ఇదే. యాభై దాటినవారిలో, అందులోనూ ఆడవారిలో ఎక్కువ. ఇది స్కానింగ్‌లో కనిపించదు. మాత్రలతో రేణువులు కదలవు.

దీనికి మందు కూడా మంచం మీదే ఉంది. అమెరికాలో జాన్ ఎప్లీ అనే డాక్టరు కనిపెట్టి 1992లో ప్రచురించిన పద్ధతి. మొదట్లో తోటి డాక్టర్లే నమ్మలేదు. తలని ఒక వరసలో, ఒక్కో భంగిమలో సుమారు అర నిమిషం ఉంచుతూ, తిప్పుతూ పోతే రేణువులు నాళంలోంచి జారి మళ్ళీ సంచిలోకి చేరతాయి. పిల్లల ఆటబొమ్మలో గోళీని గుంటలోకి దొర్లించినట్టు. చాలామందికి ఒకటి రెండుసార్లు చేస్తే తగ్గిపోతుంది. మా అక్కకి వారం తేడాతో రెండుసార్లు చేశారు. తల తిరగడం పోయింది. కాలు మాత్రం పాత కాలు కాలేదు. ఇప్పటికీ చేతికర్ర ఉంది.

ఆ రోజు తిరుగు ప్రయాణంలో నేను ఉండబట్టలేక, "ఇన్నాళ్ళూ గట్టిగా ఎందుకు చెప్పలేదక్కా?" అన్నాను. "చెవి డాక్టరు కాడ పని చేసినోడివి కదా నాయనా. నువ్వే వయసని చెప్పినాక ఇంక ఎవర్ని అడిగేది?" అంది. కోపంగా అనలేదు. అందుకే నాకు ఇప్పటికీ మరపుకి రావడం లేదు.

ఈ ఉపన్యాసానికి నేను ఒప్పుకున్న కారణం అది. ఇంట్లో చదువుకున్నవాడు, ఉద్యోగం చేసినవాడు "వయసు" అన్నాడంటే మిగతావాళ్ళు నోరు మూసుకుంటారు. మనలో ప్రతి ఒక్కరూ ఏదో ఒక ఇంట్లో ఆ చదువుకున్నవాడే.

మాత్రల సంగతి

తల తిరగడానికి సాధారణంగా ఇచ్చే ప్రోక్లోర్‌పెరజైన్, సిన్నరిజిన్ లాంటి మాత్రలు చెడ్డవి కావు. వాంతులతో మంచం మీంచి లేవలేని రెండు మూడు రోజులకి అవి దేవుళ్ళే. నెలల తరబడి మింగితేనే చిక్కు. చెవి దెబ్బతిన్నప్పుడు మెదడు మెల్లగా సర్దుకుంటుంది. ఈ మాత్రలు ఆ సర్దుబాటుని ఆలస్యం చేస్తాయి. పెద్దవయసువారిలో మగత, తూలు తెస్తాయి. దీర్ఘకాలం వాడితే కొందరికి చేతులు వణకడం, నడక మందగించడం కూడా రావచ్చు. అలాగని మీ అంతట మీరు ఆపేయకండి. "ఇది ఇంకా ఎన్నాళ్ళు?" అని డాక్టరుని అడగండి. అడగడం మన హక్కు.

బి.పి. మాత్రలు, ప్రొస్టేటుకి వాడే కొన్ని మాత్రలు లేవగానే కళ్ళు చీకట్లు కమ్మేలా చేస్తాయి. దీనికి పరీక్ష చాలా సులువు. పడుకోబెట్టి బి.పి. చూడాలి, నిలబెట్టి ఒక నిమిషానికి, మూడు నిమిషాలకి మళ్ళీ చూడాలి. పై అంకె 20 గాని, కింది అంకె 10 గాని తగ్గితే డాక్టరుకి చెప్పాలి. మన బి.పి. ఎప్పుడూ కూర్చోబెట్టే చూస్తున్నారు. నిలబెట్టి కూడా చూడమని అడగండి.

తల తిరుగుడు గంటల తరబడి ఉండి, దాంతోపాటు ఒక చెవిలో హోరు, దిబ్బడ, వినికిడి హెచ్చుతగ్గులు ఉంటే మినియర్ జబ్బు కావచ్చు. 1861లో పారిస్ డాక్టరు ప్రోస్పర్ మినియర్ చెవి జబ్బని గుర్తించేదాకా దీన్ని మెదడు జబ్బనుకునేవారు. దీనికి వినికిడి పరీక్ష తప్పనిసరి. మందులతోపాటు ఉప్పు తగ్గించమంటారు. మన ఊరగాయలకి అది పెద్ద దెబ్బే గాని తప్పదు.

ఆలస్యం చేయకూడనివి

ఇంతవరకు చెవి అంటూ వచ్చాను. అంతా చెవే అనుకుంటే అది ఇంకో పొరపాటు. తల తిరుగుడుతోపాటు మాట ముద్దగా రావడం, మూతి వంకర పోవడం, ఒకటి రెండుగా కనిపించడం, చెయ్యి కాలు పట్టు తప్పడం, ఎన్నడూ లేనంత తలనొప్పి, ఊతం లేకుండా కూర్చోలేకపోవడం, నిలబడలేకపోవడం, వీటిలో ఏ ఒక్కటి ఉన్నా అది పక్షవాతం కావచ్చు. నిమ్మకాయ వాసన చూపించి, జీలకర్ర నీళ్ళు ఇచ్చి తెల్లారేదాకా చూద్దామనుకోవద్దు. వెంటనే 108కి ఫోను చేసి పెద్దాసుపత్రికి వెళ్ళండి. నెత్తుటి గడ్డని కరిగించే మందు మామూలుగా మొదటి నాలుగున్నర గంటల్లోపే పనిచేస్తుంది.

ఇక్కడ కూడా కళ్ళు సాక్ష్యం చెబుతాయి. రోగి డాక్టరుగారి ముక్కు మీద చూపు నిలుపుతాడు. డాక్టరుగారు తలని చటుక్కున కొద్దిగా పక్కకి తిప్పుతారు. చెవి బాగుంటే చూపు ముక్కు మీదే ఉంటుంది. చెవి దెబ్బతింటే కళ్ళు తలతోపాటు పోయి మళ్ళీ వెనక్కి గెంతుతాయి. 1988లో సిడ్నీ నగరంలో హల్మాగీ, కర్థాయిస్ అనేవారు దీన్ని వివరించారు. విచిత్రమేమిటంటే, ఆగకుండా తల తిరుగుతున్న మనిషికి ఈ పరీక్ష మామూలుగా ఉంటే సంతోషించకూడదు. తప్పు చెవిలో లేదు, మెదడులో ఉండవచ్చని అర్థం. ఇది తేల్చాల్సింది అనుభవం ఉన్న డాక్టరే గాని మనం కాదు.

పరీక్షకి వెళ్ళేముందు

పరీక్షకి రెండు రోజుల ముందు తల తిరుగుడు మాత్రలు ఆపమంటారు. డాక్టరు చెప్పిన మాత్ర మాత్రమే ఆపండి. షుగరు, బి.పి., మూర్ఛ మాత్రలు ఆపకండి. ఆ రోజు కాఫీ మానండి, టిఫిన్ తేలికగా తినండి. ఆడవారు కాటుక పెట్టుకోకండి, కెమెరా కంటిపాపని పట్టుకోలేదు. చెవిలో గులిమి ఉంటే ముందే తీయించుకోండి. కర్ణభేరికి రంధ్రం ఉంటే తప్పక చెప్పండి, అప్పుడు నీళ్ళు పట్టరు, గాలితో చేస్తారు. తోడు ఒకరిని తీసుకెళ్ళండి, స్కూటరు మీద ఒంటరిగా తిరిగి రావద్దు. పరీక్షలో తల తిరుగుతుంది, అది తిరగాలి కూడా. ఒకటి రెండు నిమిషాల్లో తగ్గుతుంది. భయపడకండి.

ఎక్కడికి వెళ్ళాలని అడుగుతారు. తిరుపతిలో రుయా, స్విమ్స్ ఉన్నాయి. చిత్తూరు వాళ్ళకి వేలూరు సి.ఎం.సి. పక్కనే ఉంది. చెవి, ముక్కు, గొంతు విభాగానికి వెళ్ళి, "పక్కకి తిరిగితే తల తిరుగుతోంది, పడుకోబెట్టి పరీక్ష చేస్తారా?" అని ఈ మాటల్లోనే అడగండి. ఎప్లీ పద్ధతిని ఫోనులో వీడియో చూసి మొదటిసారే సొంతంగా చేసుకోకండి. ఏ చెవో, ఏ నాళమో తేలాలి, మెడ, వెన్ను సంగతి చూడాలి. ఒకసారి డాక్టరు చేసి నేర్పించాక ఇంట్లో చేసుకోవచ్చు. ఈ జబ్బు మళ్ళీ మళ్ళీ రావచ్చు. విటమిన్ డి తక్కువగా ఉన్నవారికి ఆ లోటు పూడిస్తే తిరిగి రావడం తగ్గుతుందని 2020లో ప్రచురించిన కొరియా దేశపు పరిశోధనలో తేలింది. ఆ రక్తపరీక్ష గురించి కూడా డాక్టరుని అడగండి.

చివరగా కార్యవర్గానికి ఒక విన్నపం. మన వైద్య శిబిరంలో షుగరు, బి.పి. రాసుకునే కాగితంలో ఇంకో రెండు ప్రశ్నలు చేర్చండి. గడిచిన ఏడాదిలో ఎప్పుడైనా పడ్డారా? పక్క మీద తిరిగినా, వంగినా, పైకి చూసినా తల తిరుగుతోందా? వీటితోపాటు నిలబెట్టి ఒకసారి బి.పి. చూడండి. ఖర్చేమీ లేదు. అవునన్నవారి పేర్లు రాసి ఇవ్వండి, పెద్దాసుపత్రికి తోడు వెళ్ళడానికి నేను సిద్ధంగా ఉన్నాను. రిటైరైనవాణ్ణి, నాకు సెలవు చీటీతో పని లేదు.

సభ్యులకి కూడా ఒక మాట. ఈ రోజు ఇంటికి వెళ్ళాక మీ ఇంట్లో పెద్దావిడని అడగండి, ఈ మధ్య ఏ పని మానేశావు, ఎందుకు మానేశావు అని. ముగ్గా, అటకా, గుడి మెట్లా? జవాబు పూర్తయ్యేదాకా వినండి. "వయసు" అనే మాట మాత్రం అనకండి.